ముల్లు ఎప్పుడు లేస్తోంది, మాస్టారూ?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా, మా కారు డాష్‌బోర్డులో ఎప్పుడూ సగానికి కిందే పడుకుని ఉండే ఉష్ణోగ్రత ముల్లు నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం మొదటిసారి లేచి నిలబడింది. ఐదుగురం మనుషులం, డిక్కీ నిండా సామాను, ఏసీ పూర్తిగా పెట్టుకుని రెండో గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నాం. రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు ముప్పాతిక దాటింది, మూడో మలుపులో ఎర్రగీత అంచును తాకబోయింది. నేను ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడి వైపు తిప్పి, బ్లోయర్‌ను చివరి అంకెకు పెట్టి, అద్దాలన్నీ దించాను. వెనక సీట్లో ఉన్న మా అత్తగారు అల్లుడికి ఎండదెబ్బ తగిలిందనే అనుకున్నారు.

నిజానికి కారులోని హీటరు ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ చుట్టూ తిరిగే వేడినీళ్ళే దానిలోకీ వస్తాయి కనుక, దాన్ని పూర్తిగా తిప్పితే ఇంజన్ వేడిలో కొంత భాగం లోపల కూర్చున్నవారి మీదుగా బయటికి పోతుంది. ముల్లు ఇంకా ఎర్రగీతను చేరకముందు చేయదగిన పని అది. గీత చేరిందంటే, లేదా బానెట్ సందుల్లోంచి ఆవిరి కనబడిందంటే, ఇక బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేయడమే మార్గం. ఆపిన తర్వాత కూడా కాసేపు లోపలి వేడి పెరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళు తిప్పే పంపు ఆగిపోతుంది కానీ, సిలిండర్ల గోడల్లో పట్టుకుని ఉన్న వేడి అక్కడి నీటిలోకి దిగుతూనే ఉంటుంది.

చెట్టు నీడ చూసి ఆపాను. మా బావమరిది ఉత్సాహవంతుడు కనుక, నేను దిగేలోపే బానెట్ ఎత్తి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి రేడియేటర్ మూత మీద వేశాడు. అదే సమయానికి కిందికి దిగుతున్న ఒక లారీ డ్రైవరు బండి నెమ్మది చేసి, “తమ్ముడూ, ఆ మూత ముట్టుకోకు, మొహం ఉడికిపోతుంది!” అని కేకేసి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరో తెలియదు కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఆయన ప్రస్తావన వస్తుంది. ఆ మూత మీద 0.9 అని ఒక అంకె అచ్చు గుద్ది ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే 0.9 బార్ ఎక్కువయ్యేదాకా మూతలోని స్ప్రింగు తెరుచుకోదని దాని అర్థం. అంత ఒత్తిడిలో మామూలు నీరు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. మూత తిప్పిన మరుక్షణం ఒత్తిడి పడిపోతుంది, మరిగే ఉష్ణోగ్రత మళ్ళీ 100కు దిగుతుంది, అప్పటిదాకా ద్రవంగా ఉన్న నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై మిగిలిన నీటిని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తువ్వాలు దానికి అడ్డం కాదు, పైగా మరిగే నీళ్ళు పీల్చుకుని చేతికి అంటుకుంటుంది.

ముప్పావుగంట కూర్చుని, మూత చేతికి చల్లగా తగిలాక తీసి, సీసాలోని తాగే నీళ్ళు పోసి, ఏసీ లేకుండా మెల్లగా కొండెక్కాం. దర్శనం బాగానే జరిగింది.

నేను విజయవాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఉష్ణగతిక శాస్త్రం పాఠంలో ప్రతి ఏడూ ఇంజన్ బొమ్మ గీస్తాను కానీ, ఆ బొమ్మలో వాడుకోలేక వదిలేసే వేడికి గుర్తుగా కిందికి పోయే బాణం నా బండిలో ఎంత వేడిని మోస్తోందో ఏనాడూ లెక్క వేయలేదు. తిరిగి వచ్చిన రాత్రి కాగితం తీసి వేశాను. ఘాట్‌లో మా బండి లీటరుకు సుమారు 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, 30 కిలోమీటర్ల వేగంలో గంటకు 3.75 లీటర్ల పెట్రోలు కాలుతుంది. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌల్స్, అంటే ఇంజన్ లోపల సగటున 33 కిలోవాట్ల మంట మండుతోంది. దానిలో స్థూలంగా మూడోవంతు చక్రాలకు అందుతుంది, మరో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది, మిగిలిన 11 కిలోవాట్లను చల్లార్చే నీరే మోయాలి. స్నానాలగదిలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఐదారింటిని ఒకే చిన్న బకెట్టులో ముంచినట్టు ఊహించుకుంటే సరిపోతుంది, ఎందుకంటే మా బండిలో తిరిగే నీళ్ళు మొత్తం నాలుగైదు లీటర్లే.

ఆ వేడినంతా రేడియేటరు గాలికి అప్పగించాలి, గాలి ఎంత చల్లగా ఉంటే అంత సులువుగా అప్పగిస్తుంది. డిసెంబరు ఉదయం బయట 20 డిగ్రీలుంటే, 95 డిగ్రీల నీటికీ గాలికీ మధ్య తేడా 75. మే మధ్యాహ్నం బయట 42 అయితే ఆ తేడా 53కు పడిపోతుంది. అంటే అదే రేడియేటరు, అదే ఫ్యాను, మూడు పాళ్ళ పనిలో దాదాపు ఒక పాలు ఎగ్గొట్టినట్టే. దానికి తోడు ఏసీ వేస్తే, రేడియేటరుకు ముందు నిలబడిన కండెన్సరు తన వేడిని కూడా ఆ గాలిలోనే కలిపి పంపుతుంది. చలికాలంలో ఎవరికీ కనబడని లోపం వేసవిలో ఘాట్ మీద బయటపడటానికి కారణం ఇదే.

ఇంత లెక్క వేసినవాడిని మర్నాడు మెకానిక్ దగ్గర నోరు మెదపకుండా నిలబడ్డాను. ఇంటికి దగ్గరని వెళ్ళిన ఆ షెడ్డులో, “హీటెక్కిందా సార్? ఫ్యాన్ మోటరే” అన్నారు. ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా చూడకుండా మోటరు మార్చి, 4,200 రూపాయలు తీసుకున్నారు. వారం తర్వాత హైదరాబాదు వెళ్తుంటే సూర్యాపేట దాటాక, 65వ నంబరు రహదారి మీద 100 వేగంలో ముల్లు మళ్ళీ లేచింది. నాకు అప్పుడు వెలిగింది: ఆ వేగంలో ఎదురుగాలే కావలసినంత వస్తుంది, అక్కడ ఫ్యానుకు దాదాపు పని లేదు. కనుక ఫ్యాను నేరం చేసి ఉండదు, నేను డబ్బిచ్చి ఒక నిర్దోషిని మార్పించాను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని తోటి లెక్చరర్ ఒకరు చెబితే అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని, టీ చెప్పి, “ముల్లు ఎప్పుడు లేస్తోంది, మాస్టారూ?” అని అడిగాడు. ఎంత లేస్తోందని కాదు, ఎప్పుడని. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేస్తుందా, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడా? స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే లేస్తుందా, గంట తోలాకా? ఏసీ ఆపితే దిగుతుందా? నీళ్ళు తగ్గుతున్నాయా, తగ్గితే పార్క్ చేసినచోట నేల తడుస్తోందా? ఒక్కో ప్రశ్న ఒక్కో భాగాన్ని అనుమానితుల జాబితాలోంచి తీసేస్తుందని ఆయన మాటల్లోనే అర్థమైంది. ఆగి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కి, కదిలితే చల్లబడే బండిలో ఫ్యానునో, దాని రిలేనో, ఫ్యూజునో, ఉష్ణోగ్రత సెన్సారునో చూడాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు దూసుకుపోతూ, ఇంజన్ కాలిపోతుంటే కింది హోస్ చల్లగా ఉందంటే తెర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటరుకు నీటి దారిని మూసి ఉంచే తలుపు, మూసుకుని బిగుసుకుపోయి ఉండాలి. కారుతున్నచోటు కనబడకుండా నీళ్ళు మాయమవుతుంటే హెడ్ గ్యాస్కెట్ గురించి, అంటే సిలిండర్లకూ వాటి పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే పలచటి పొర గురించి, భయపడాలి. వేగంలోనూ ఎక్కుడులోనూ మాత్రమే వేడెక్కి, ఊళ్ళో బుద్ధిగా ఉంటే రేడియేటరు పూడుకుపోవడమో, వాటర్ పంప్ రెక్కలు అరిగిపోవడమో అయి ఉండాలి. నాది చివరి రకం.

ఆయన చివరిగా, “పొద్దుటిపూట ఎలా ఉంటుంది?” అని అడిగాడు. నేను గర్వంగానే జవాబిచ్చాను: మా ఇంజన్ చాలా చల్లటిది, డిసెంబరులో ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళినా ముల్లు సగానికి రాదు, ఈ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మూడేళ్ళ నుంచీ అంతే. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “అయితే మీ బండిలో తెర్మోస్టాటే లేదు మాస్టారూ. ఎవరో పీకేశారు. రేపు పొద్దున్న స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి పెట్టి చూడండి” అన్నాడు.

మర్నాడు చూశాను. తెర్మోస్టాట్ ఉన్న ఇంజన్‌లో, మా బండిలో లాగా అది పై హోస్ మొదట్లో కూర్చునే ఏర్పాటైతే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాక చాలాసేపు పై హోస్ చల్లగానే ఉండాలి. లోపలి నీరు 82 డిగ్రీల దగ్గరికి వచ్చాక తలుపు తెరుచుకుని, హోస్ ఒక్కసారిగా వేడెక్కాలి. మా బండిలో రెండు మూడు నిమిషాలకే హోస్ గోరువెచ్చనై, మెల్లమెల్లగా, ఏ మలుపూ లేకుండా వేడెక్కుతూ పోయింది. ఆ తర్వాత షెడ్డులో తెర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ విప్పితే నిజంగానే లోపల ఒక రబ్బరు రింగు తప్ప ఏమీ లేదు.

మన ప్రాంతంలో ఇది చాలాకాలంగా ఉన్న అలవాటు. “మన ఎండలకు తెర్మోస్టాట్ ఎందుకు?” అని తీసి పారేస్తారు. బండి వేడెక్కుతుంటే అసలు కారణం వెతకడం కంటే ఇది చౌక, కొన్నాళ్ళపాటు ముల్లు కిందే ఉంటుంది కనుక యజమాని కూడా సంతోషిస్తాడు. నా బండిని అమ్మినవారు చేసింది అదే అయి ఉండాలి. సగం పూడుకుపోయిన రేడియేటరుకు ఆ తలుపు కూడా లేకుండా చేస్తే, తేలిక పనిలో లోపం కనబడదు. కానీ చల్లటి ఇంజన్‌కు కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్ పలచబడక అరుగుదల పెరుగుతుంది. లీటరుకు 16 రావలసిన బండి 13 ఇస్తుంటే మూడేళ్ళుగా నేను టైర్లలో గాలిని అనుమానిస్తున్నాను. కొన్ని ఇంజన్లలో అయితే తెర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు నీటి అడ్డదారిని మూసే పని కూడా అదే చేస్తుంది. అలాంటిచోట దాన్ని తీసేస్తే వేడినీళ్ళలో కొంత రేడియేటరు ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి వెళ్ళిపోతుంది, అంటే చల్లబరచడానికి చేసిన పని వల్లే బండి వేడెక్కుతుంది.

ఈ సందర్భంలో షెడ్డుల్లో వినబడే ఒక సిద్ధాంతాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. తెర్మోస్టాట్ లేకపోతే నీళ్ళు మరీ వేగంగా పరుగెత్తి, రేడియేటర్లో చల్లబడటానికి వాటికి తీరిక ఉండదని అంటారు. ఒక్క బొట్టు సంగతే చూస్తే అది నిజంగానే తక్కువ చల్లబడుతుంది. కానీ ఆ నిమిషంలో ఎక్కువ బొట్లు వస్తాయి, రేడియేటరు మొత్తం ఎక్కువ వేడిగా ఉంటుంది, కనుక గాలికి అందే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. పెద్దాయనతో ఈ విషయం మీద పావుగంట వాదించాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు.

కొత్త తెర్మోస్టాట్ తెచ్చాక మాత్రం ఆయన నాకే పాఠం చెప్పాడు. బిగించే ముందు దాన్ని దారానికి కట్టి, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి, పక్కన థర్మామీటరు వేలాడదీశాడు. దానిలో ఉన్నది ఒక ఇత్తడి గూటిలో నింపిన మైనం, అంతే. మైనం కరిగి ఉబ్బితే కడ్డీని నెట్టి తలుపు తెరుస్తుంది, గట్టిపడితే స్ప్రింగు మూసేస్తుంది. అంచు మీద 82 అని గుద్ది ఉంది. 80 దాకా కదలిక లేదు, 83 దగ్గర వెంట్రుకంత సందు కనబడింది, 95 వచ్చేసరికి చిటికెనవేలి గోరు పట్టేంత తెరుచుకుంది. కొత్తదాన్ని కూడా ఎందుకు చూడాలని అడిగితే, కొత్తవాటిలోనే ఒకటి తెరుచుకోక ఒక ఇంజన్ పోయిందని చెప్పాడు.

ఇక రేడియేటరు. ముందుగా మూత చూశాడు, దాని రబ్బరు వాషరు మీద వేలితో నొక్కితే పగుళ్ళు కనబడ్డాయి, అది పక్కకు వెళ్ళింది. తర్వాత నన్ను టార్చి పట్టుకోమని, కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య ఉన్న రెండు వేళ్ళ సందులోకి చూడమన్నాడు. అక్కడ దుమ్ము, పురుగుల రెక్కలు, దూది పింజలు కలిసి పాత కంబళి ముక్కలాగా అతుక్కుని ఉన్నాయి. ముందు నుంచి చూస్తే కండెన్సరు శుభ్రంగా మెరుస్తుంటుంది కనుక మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఇది నా కంటబడలేదు. దాన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్ళతో కడగాలి. వాటర్ సర్వీసింగ్‌లోని ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే పలచటి రెక్కలు మడతపడి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

లోపలి పూడికను కనిపెట్టడానికి నేను కాలేజీ ప్రయోగశాల నుంచి తాకకుండా ఉష్ణోగ్రత చూపే పరికరాన్ని తీసుకెళ్ళాను. ఇది ఇప్పుడు అందరికీ పరిచయమైన వస్తువే కానీ, మెరిసే అల్యూమినియం మీద అది తప్పు చెబుతుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెదజల్లి చుట్టుపక్కల వేడిని అద్దంలాగా తిప్పి పంపుతుంది. అందుకని రేడియేటరు వెనకవైపు అందినచోటల్లా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక వాటి మీద చూశాను. పై భాగంలో 88, మధ్యలో 84, కింది మూడోవంతులో 51. మా రేడియేటర్లో గొట్టాలు అడ్డంగా ఉంటాయి, అన్నింటిలోనూ నీరు పారుతుంటే కింద అంత చల్లగా ఉండకూడదు. అక్కడి గొట్టాల్లో నీరు కదలడం లేదు. విప్పి వంచితే బియ్యం కడుగులాంటి తెల్లటి నీళ్ళు, వాటితోపాటు సున్నపు పెచ్చులు రాలాయి.

ఆ సున్నం ఎక్కడిదో చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా అపార్టుమెంటు బోరు నీళ్ళు పోసిన బకెట్టు నెల తిరిగేసరికి అంచున తెల్లటి పట్టీ కడుతుంది. అవే నీళ్ళను మూడేళ్ళుగా ట్యాంకు తగ్గినప్పుడల్లా నేనే పోశాను. కూలెంట్ అనేది మంచు పడే దేశాలవారికి, మనకెందుకని అనుకున్నాను. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటే. లోపలి లోహం తుప్పు పట్టకుండా కాపాడటం, మరిగే ఉష్ణోగ్రతను మరికొన్ని డిగ్రీలు పైకి జరపడం మనకూ కావలసినవే. అలాగని చిక్కటి కూలెంట్‌ను ఏమీ కలపకుండా పోయడమూ పొరపాటే, ఎందుకంటే వేడిని మోయడంలో నీటికి ఉన్న శక్తి కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌కు లేదు. సగం కూలెంట్, సగం బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపితే చాలు. తీసేసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్కలు నాకే చోట పారబోయకూడదు.

హెడ్ గ్యాస్కెట్ గురించి రెండు రోజులు నిద్ర పట్టలేదన్నది నిజం. అల్యూమినియం హెడ్ ఒకసారి అతిగా వేడెక్కితే వంగుతుంది. వంగితే హెడ్ దింపి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే దాని ముఖాన్ని చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయాలి, అది వేలల్లో పని. పెద్దాయన చల్లటి ఇంజన్ మూత తీసి, గరాటా బిగించి, స్టార్ట్ చేసి బుడగలు చూశాడు. మొదట నాలుగు వచ్చి ఆగిపోయాయి, అవి లోపల చిక్కుకున్న గాలివి. గ్యాస్కెట్ పోతే ఆగకుండా వస్తూనే ఉంటాయి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే హోస్ రాయిలాగా గట్టిపడుతుంది. తర్వాత ఒక గాజు గొట్టంలో నీలిరంగు ద్రవం పోసి, రేడియేటరు మూతి దగ్గరి గాలిని దాని గుండా పీల్చాడు. సిలిండర్లలోని పొగ నీటిలోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారాలి. ఐదు నిమిషాలు చూశాం, నీలంగానే ఉంది. ఆయిల్ మూత లోపల మీగడలాంటిది కనబడితే చాలు గ్యాస్కెట్ పోయిందని కొందరు తేల్చేస్తారు కానీ, రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది పడుతుంది.

రేడియేటరును మందు పోసి కడిగి చూశాం, టేపు మీద అంకెలు పెద్దగా మారలేదు. పాతకాలపు ఇత్తడి రేడియేటర్లకు ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసేవారు. మాది అల్యూమినియం గొట్టాల చట్రానికి ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించిన రకం, అది అలాంటి పనికి లొంగదు. కొత్తది వేయించాను. నింపేటప్పుడు హీటరు పూర్తిగా తిప్పి ఉంచి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా మూత తీసే ఉంచి, గాలి మొత్తం పోయాకే బిగించారు. వాటర్ పంప్ కారితే నీరు బయటపడేందుకు దాని కింద ఉండే చిన్న రంధ్రం పొడిగా ఉంది, బేరింగులో మోత లేదు, కనుక దాన్ని ముట్టుకోలేదు.

ఈ ఏడు మేలో మళ్ళీ అదే ఘాట్ ఎక్కాం. ఈసారి ఇంజన్ కంప్యూటరు అంకెలు చదవడానికి ఉండే డయాగ్నస్టిక్ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి ఫోనులో అంకెలు చూస్తూ వెళ్ళాను, ఎందుకంటే డాష్‌బోర్డు ముల్లును చాలా కంపెనీలు కొంత పరిధిలో కదలకుండా మధ్యలోనే నిలబడేలా చేస్తాయి. మైదానంలో 88, ఘాట్‌లో ఏసీతో 93 నుంచి 97, ఫ్యాను 97 దగ్గర అందుకుని 91కి దించింది. అయితే నీళ్ళే లేకపోతే ఈ అంకె కూడా అబద్ధమాడుతుంది. సెన్సారు నీటిలో మునగక గాలిలో మిగిలిపోతే ఇంజన్ కాలిపోతున్నా అంకె దిగుతుంది. అందుకే ఆదివారం పొద్దున్నే చల్లటి ఇంజన్ బానెట్ ఎత్తి, రిజర్వాయర్ ట్యాంకు మీద నేను మార్కరుతో గీసిన గీత దగ్గర మట్టం చూసుకుంటున్నాను. రెండు నెలల్లో అది వేలెడు తగ్గింది. కింది హోస్ క్లిప్పు దగ్గర ఆకుపచ్చటి మరక ఒకటి ఎండి కనబడుతోంది. శనివారం ఆటోనగర్ వెళ్ళాలి.